మొక్క తాగే నీళ్లకూ లెక్కుంది

(సికింద్రాబాద్‌లో జరిగిన మన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



కార్యక్రమం కాగితంలో నా పేరు ఎదురుగా ‘పంటల నీటి వినియోగం, కరువు’ అని రాశారు. నేను పదో తరగతి దాకా చదివినవాణ్ని. ఈ సంగతి చెప్పాల్సింది శాస్త్రవేత్తలు. అయినా నాకు ఎందుకు అప్పజెప్పారంటే, పటాన్‌చెరు పోయి వచ్చినప్పటి నుంచి ప్రతి మీటింగులో ఈ ముచ్చటే తీస్తున్నాను. ఒక్కసారి మైకు ఇచ్చేస్తే తర్వాత ఊరుకుంటాడని మన కార్యదర్శి ఆలోచన అనుకుంటా. చూద్దాం.

ముందు నా చేను సంగతి చెప్తాను. మాది నారాయణఖేడ్ వైపు, నల్లరేగడి. 2015 మీకు గుర్తుండే ఉంటుంది. సింగూరు ఎండిపోయింది, మంజీరలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ ఏడు సెప్టెంబరులో పడ్డ వానలకు మాకు కాస్త పదును దొరికింది. హస్త కార్తెలో నాలుగెకరాలు యాసంగి జొన్న వేశాను. అంతకు ముందేడు పక్క ఊళ్లో ఒకాయన ఒత్తుగా విత్తి, యూరియా దండిగా వేసి మంచి పంట తీశాడని విని నేనూ అట్లే చేశాను. నెలన్నర తిరిగేసరికి చేను మక్కచేనులాగా అయింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

గట్టు అవతల మా పెద్దనాయన చేను. ఆయన ఎప్పటిలాగే సాళ్లు ఎడంగా పెట్టి మాల్దండి వేశాడు. యూరియా వేయలేదు, చేతిలో పైసలు లేకనే వేయలేదు. పలచగా, కురచగా ఉన్న ఆ చేను చూసి నాకు జాలేసింది. సంక్రాంతి నాటికి కథ తిరగబడింది. నా చేను పొట్ట మీద ఉండగానే కింది ఆకులు ఎండటం మొదలై పైకి పాకింది. కంకులు బయటికి వచ్చాయి గానీ గింజ పాలు పోసుకోలేదు. నూర్చి చూస్తే సగం తాలు. నాలుగెకరాలకు ఆరు క్వింటాళ్లు. పెద్దనాయనకు ఎకరానికి నాలుగు వచ్చాయి.

నేల ఒకటే, వాన ఒకటే, మధ్యలో గట్టు. అయినా నేను ఏమనుకున్నానో తెలుసా? నీళ్లు లేకనే పంట పోయిందనుకున్నాను. ఆ కోపంలో బోరు బండిని పిలిచాను. మొదటిది 450 అడుగులు పోయింది, దుమ్ము లేచింది. రెండోది 600 అడుగులకు కొద్దిగా పడింది, ఒక్క ఎండాకాలం కూడా దాటలేదు. ఆ అప్పు తీర్చడానికి ఆరేళ్లు పట్టింది. ఈ హాల్లో ఇట్లాంటి కథ లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో నేను అడగను.

తర్వాత కొన్నాళ్లకు మా మండలం రైతులం కొందరం బస్సులో ఇక్రిశాట్ చూడటానికి పోయాం. సికింద్రాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుంటే పటాన్‌చెరు దాటగానే వస్తుంది. 1972లో పెట్టారు. అందుకోసం తీసుకున్న భూమి దాదాపు 1,400 హెక్టార్లు. అంటే దాదాపు 3,500 ఎకరాలు. అందులో ఉన్న ఊళ్లు ఖాళీ అయ్యాయి. అందుకే ఆ గేటు లోపలికి పోయినప్పుడల్లా ఇంత భూమి తీసుకున్నవాళ్లు మాకు ఏమిచ్చారు అని అడగడం మన హక్కు అనుకుంటాను. అడిగాను కూడా. దానికి జవాబుగా మమ్మల్ని తీసుకుపోయి గొట్టాలు చూపించారు.

నేను నవ్వాను. ప్లాస్టిక్ గొట్టాలు, మన బోరుకు దించే కేసింగు పైపులాంటివే, కాస్త లావువి. కొన్ని 1.2 మీటర్ల పొడవు, జొన్నకు, సజ్జకు 2 మీటర్లవి. వాటి నిండా మట్టి నింపి, గుంతల్లో నిలువుగా పక్కపక్కన నిలబెట్టారు. వేల గొట్టాలు. ఒక్కో దాంట్లో మొక్క. పైన మట్టి కనపడకుండా ప్లాస్టిక్ షీటు, దానిమీద ప్లాస్టిక్ పూసలు. వారానికోసారి చిన్న క్రేనుతో గొట్టాన్ని పైకెత్తి తూకం వేస్తారు. అంతే. బరువు ఎంత తగ్గితే అన్ని నీళ్లు మొక్క తాగినట్టు. షీటు కప్పారు కాబట్టి మట్టిలోంచి ఆవిరైపోయే లెక్క ఇందులో కలవదు. వాన పడితే లెక్క తప్పుతుందని పైకి జరిపే కప్పు కూడా ఉంది.

ఈ గొట్టాల పనిని నడిపించినవాడు విన్సెంట్ వాడెజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. చాలా ఏళ్లు పటాన్‌చెరులో మొక్కల నీటి వాడకం మీదే పనిచేశాడు, తర్వాత ఫ్రాన్స్‌లోని ఐఆర్‌డీ అనే పరిశోధన సంస్థకు పోయాడు. గొట్టంలో మొక్కను తూకం వేయడం కొత్తదేమీ కాదు. 1910ల్లోనే అమెరికాలో, కొలరాడోలోని ఆక్రన్ దగ్గర బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు ఇట్లాగే కుండీలు తూచారు. ఒక కిలో ఎండు మొక్క తయారవడానికి జొన్నకు 300 కిలోల పైచిలుకు నీళ్లు, గోధుమకు 500 పైచిలుకు పట్టాయని వాళ్ల లెక్క. జొన్న పొదుపరి అని మన తాతలకు తెలిసిందే తూకంలో తేలింది. కానీ వాళ్లు మొత్తం ఎంత తాగింది అని చూశారు. వాడెజ్ బృందం వారం వారం తూచి, ఎప్పుడు ఎంత తాగింది అని చూసింది. అసలు సంగతి అక్కడ దొరికింది.

శనగ సంగతి తీసుకోండి. యాసంగి శనగ అంటే మీకు చెప్పక్కర్లేదు. వానలు వెనక్కి పోయాక వేస్తాం. రేగడిలో ఎంత పదును ఉందో అంతే, ఆ తర్వాత మంచు తప్ప పైనుంచి చుక్క పడదు. గొట్టంలో మొక్క కూడా అట్లాంటిదే. చాలా ఏళ్లు శాస్త్రవేత్తలు ఏమనుకున్నారంటే, కరువుకు తట్టుకునే శనగ అంటే వేరు లోతుగా పోయే శనగ. ఐసీసీ 4958 అనే రకానికి వేర్లు బలమని పేరు. దాని వేర్లు తవ్వి, కడిగి, కొలిచారు. ఎంత ఓపికో! మనం ఒక్క వరి దుబ్బు వేరు కడగమంటే కడగం.

2011లో మైనసారా జమాన్-అల్లా, వాడెజ్, వాళ్ల తోటివాళ్లు రాసిన పరిశోధనలో వేరే మాట బయటికి వచ్చింది. కరువుకు తట్టుకున్న శనగ రకాలూ, తట్టుకోనివీ గొట్టంలోంచి లాగిన మొత్తం నీళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఎక్కడుందంటే, తట్టుకున్నవి పూతకు ముందు తక్కువ తాగాయి. చిన్నప్పుడు ఆకు తక్కువ పెట్టాయి, నిదానంగా పెరిగాయి. పూత, పిందె, కాయ వచ్చే నాటికి వాటి గొట్టంలో ఇంకా నీళ్లు మిగిలాయి. తట్టుకోనివి ముందే బాగా పెరిగి, ముందే తాగేసి, కాయ కట్టే వేళకు ఖాళీ గొట్టం ముందు నిలబడ్డాయి.

అది విన్నప్పుడు నేను నవ్వడం ఆపేశాను. ఆ గొట్టాల్లో నా చేనూ, పెద్దనాయన చేనూ పక్కపక్కన కనిపించాయి.

ఆ నీళ్ల విలువ ఎంతో కూడా లెక్క కట్టారు. శనగలో కాయ కట్టే దశలో అదనంగా ఒక్క మిల్లీమీటరు నీళ్లు అందితే హెక్టారుకు సుమారు 40 కిలోల గింజ. మన ఎకరం లెక్కకు 16 కిలోలు. ఒక మిల్లీమీటరు అంటే ఎకరానికి 4 వేల లీటర్ల పైన, ఒక చిన్న ట్యాంకరు అనుకోండి. పది మిల్లీమీటర్లు మిగుల్చుకుంటే ఎకరానికి 160 కిలోలు. మన దగ్గర శనగకు ఎకరానికి క్వింటాన్నర ఎక్కువ రావడం, తక్కువ రావడం మీదే పెట్టుబడి పోయిందా మిగిలిందా తేలుతుంది. అదే పది మిల్లీమీటర్లు నవంబరులో ఆకు పెంచడానికి పోతే దాంతో వచ్చేది పొట్టు.

ఇక రెండో సంగతి సజ్జది. వేరు లాగిన నీళ్లలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల నుంచి ఆవిరిగా పోతాయి. పుస్తకంలో బాష్పోత్సేకం అంటారు, మనం ఆకు చెమట అనుకుందాం. ఆకు మీద కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటి నుంచే చెమట పోతుంది, వాటి నుంచే మొక్కకు ఆహారమయ్యే గాలి లోపలికి వస్తుంది. రెండింటికీ ఒకటే తలుపు. పొద్దున గాలిలో తేమ ఉంటుంది, ఆకు పెద్దగా చెమట పట్టదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి పొడిబారి ఆకులోంచి నీళ్లు గుంజుతుంది. కొన్ని సజ్జ రకాలు ఆ వేళకు తలుపు సగం మూసుకుంటాయి. నేలలో తేమ ఉన్నా సరే మూసుకుంటాయి. వాడెజ్‌తో పనిచేసిన జానా ఖోలోవా అనే శాస్త్రవేత్త 2010 ప్రాంతంలో సజ్జ మీద ఈ పని చేసింది. ఆ గుణం ఉన్న సజ్జలు చివరి కరువుకు బాగా నిలబడ్డాయి. మనం ఎండ పొద్దు చెట్టు కింద కూర్చుని, చల్లబడ్డాక పనిలోకి దిగుతాం చూడండి, అదే పని మొక్క చేస్తోంది. తలుపు మూసిన కాసేపు ఆహారం తగ్గుతుంది నిజమే. కానీ ఆ వేళ తలుపు తీసి ఉంచితే గుప్పెడు ఆహారానికి కడివెడు నీళ్లు పోతాయి.

ఇప్పుడు వేల మొక్కల మీద లేజరు కెమెరా పట్టాల మీద నడుస్తూ ఆకు ఎంత పెరిగిందో కొలిచే యంత్రం కూడా పెట్టారు. కింద తూకం, పైన కెమెరా. అది చూసి మాలో కుర్రవాళ్లు ఫోన్లు తీశారు. నాకైతే గొట్టాలే నచ్చాయి.

జొన్నలో ‘పచ్చగా నిలిచే గుణం’ అని ఒకటుంది. ఇథియోపియా జొన్న నుంచి వచ్చిన బీ35 అనే రకంలో అది బలంగా ఉంది. గింజ కట్టేదాకా ఆకు ఎండదు. దాన్ని వేరే జొన్నల్లోకి ఎక్కించి చూశారు. అందులోనూ చాలావరకు కథ నీళ్లు మిగుల్చుకోవడమేనని తేలుతోంది. పశువులున్నవాళ్లకు ఇది ఇంకో లాభం. ఆకు ఎండి రాలని చొప్ప అంటే దూడ ముందు పెడితే మిగల్చని చొప్ప. గింజ ధర పడిపోయిన ఏడు మమ్మల్ని చొప్పే ఆదుకుంది, కాబట్టి దీన్ని చిన్న సంగతిగా తీసేయొద్దు.

ఇప్పుడు మీలో కొందరికి అనుమానం వస్తుంది. మరి పొదుపు మొక్క అన్ని చోట్లా మంచిదేనా? కాదు. ఈ మాట శాస్త్రవేత్తలే చెప్పారు, వాళ్లను మెచ్చుకోవాల్సింది ఇందుకే. వానలు బాగా పడే ఏడు పిసినారి మొక్క నష్టపోతుంది. నీళ్లున్నా తాగదు, పెరగదు, పక్కచేను రెండింతలు పండుతుంది. ఎర్రచెలకలో వానాకాలం పంటకు వచ్చే కరువు వేరు. పదిహేను రోజులు బెట్ట, మళ్లీ వాన, మళ్లీ బెట్ట. అక్కడ దాచుకున్న నీళ్లు నిలవవు, చెలక పట్టుకోదు. అక్కడ పనికొచ్చే మొక్క వేరు. కాబట్టి ‘కరువును తట్టుకునే విత్తనం’ అని సంచి మీద రాసి అమ్మేవాణ్ని మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఏ కరువును? మొదట్లో వచ్చేదాన్నా, మధ్యలో వచ్చేదాన్నా, చివర్లో వచ్చేదాన్నా? నేను ఇద్దరు ముగ్గురు దుకాణదారులను అడిగాను. ఒకాయన బ్యాగు తిప్పి తిప్పి చూసి, ‘అన్నిటినీ’ అన్నాడు.

కరువును తప్పించుకునే దారి ఇంకోటి ఉంది, త్వరగా ముగించుకోవడం. జేజీ 11 శనగ అట్లాంటిది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన రకం, 1999లో విడుదలైంది. కర్నూలు, ప్రకాశం రేగడి భూముల్లో అది ఎట్లా పాకిందో అక్కడి నుంచి వచ్చిన మిత్రులు చెప్తారు. ఎండలు ముదిరే లోపే కోతకు వస్తుంది. నాకు దాంట్లో నచ్చేది ఇంకోటి. అది ప్రభుత్వ విత్తనం. ఈ ఏడు పండిన గింజనే దాచుకుని వచ్చే ఏడు వేసుకోవచ్చు, పొరుగువాడికి ఇవ్వచ్చు. ఇన్ని గొట్టాలు తూచి కనిపెట్టిన గుణాలు రేపు ఏటేటా కొనుక్కునే హైబ్రిడ్ సంచుల్లోకే పోతే, 1,400 హెక్టార్లు ఇచ్చిన మనకు మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్న మన సంఘం లిఖితపూర్వకంగా అడగాలని ప్రతిపాదిస్తున్నాను.

విత్తనం వచ్చేదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. చేనులో ఆకును అదుపులో పెట్టేది విత్తనం ఒక్కటే కాదు. సాలుకూ సాలుకూ మధ్య ఎడం, ఎకరానికి విత్తనం, మొదట్లో వేసే నత్రజని కూడా. మా పెద్దనాయనకు గొట్టాల సంగతి తెలియదు. కానీ రేగడి జొన్నకు సాలు ఎడం తగ్గించొద్దనేవాడు, గుంటక తోలి నెర్రెలు పూడ్చమనేవాడు. నెర్రె విచ్చిన రేగడి అంటే మూత లేని కుండ. గొట్టం మీద ప్లాస్టిక్ షీటు చేసే పని మన చేనులో గుంటక చేస్తుంది. ఇప్పుడు ఎద్దులు లేవు, గుంటక అటక మీద ఉంది. కూలి లెక్క చూస్తే అంతరకృషి కంటే కలుపు మందు చవక. కలుపు చస్తుంది, నెర్రె మాత్రం పూడదు.

ఇక్కడి దాకా మీరు బాగానే విన్నారు. ఇప్పుడు చెప్పేదానికి తిట్లు పడతాయని తెలుసు.

2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దానికోసం మనమే కొట్లాడాం, అది పోవద్దు అంటాను. కానీ ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రంతా మోటారు నడిపింది కూడా మనమే. కిలో వడ్లకు పొలంలో పెట్టే నీళ్లు సగటున 2,500 లీటర్ల దాకా ఉంటాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. అందులో కొంత మళ్లీ భూమిలోకి ఇంకుతుంది, అంతా పోయినట్టు కాదు. అయినా శనగ మొక్క పూతకు ముందు గుక్కెడు నీళ్లు దాచుకుంటుంటే, పక్కనే మనం 600 అడుగుల కింది నీళ్లను బురద చేయడానికి తోడుతున్నాం. పొదుపు మొక్క గొట్టంలో గెలిచింది ఎందుకంటే దాని గొట్టం దానిదే. పక్క మొక్క వేరు వచ్చి గుంజదు. మన ఊళ్లో భూమి కింద గోడల్లేవు. నేను మిగిల్చిన నీళ్లు నీ మోటారుకు, నువ్వు మిగిల్చినవి నా మోటారుకు. అందుకే ఎవరూ మిగల్చరు.

దీనికి దారి వెతికినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత కొన్నేళ్లు ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఒక పథకం నడిచింది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా అందులో ఉన్నాయి. మొదట నెదర్లాండ్స్, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేశాయి. ఊళ్లో రైతులే వానను కొలిచారు, బోరులో నీటి మట్టం కొలిచారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట వేస్తే ఎన్ని పోతాయి అని గోడ మీద రాసి లెక్క వేశారు. ఇదే వేయాలని ఎవరూ ఎవరినీ ఒత్తిడి చేయలేదు. లెక్క కళ్ల ముందు పెట్టారు, చాలామంది వరి తగ్గించుకున్నారు. వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. అది చేయలేనిది గోడ మీద రాసిన లెక్క కొన్ని ఊళ్లలో చేసింది.

కానీ మిత్రులారా, లెక్క ఒక్కటే కడుపు నింపదు. వరి వేస్తే ఐకేపీ కేంద్రంలో కొంటారు, ఆలస్యమైనా, తరుగు తీసినా కొంటారు. శనగ వేస్తే? మద్దతు ధర పథకం కింద ఉత్పత్తిలో నాలుగోవంతు దాటి కొనమని కేంద్రం పరిమితి పెట్టింది. మిగతా ముప్పాతిక దళారి దయ. జొన్న కొనుగోలు ఏడాది ఉంటుంది, ఏడాది ఉండదు. నీళ్లు తక్కువ తాగే పంట వేయమని మాకు చెప్పే అధికారులు ముందు ఆ పంట కొనే సంగతి చెప్పాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘కరువును తట్టుకునే విత్తనం ఇచ్చాం కదా, ఇంకా పరిహారం ఎందుకు, బీమా ఎందుకు’ అనే మాట రేపు రావచ్చు. 2020 నుంచి కొన్నేళ్లు మన రాష్ట్రంలో ఫసల్ బీమా అమలే కాలేదు, మరిచిపోవద్దు. గొట్టంలో ఉన్న మొక్కకు అప్పు లేదు. పొదుపు మొక్క మన నష్టాన్ని తగ్గిస్తుంది, మాఫీ చేయదు. ఈ రెండు సంగతులూ మనం విడివిడిగా మాట్లాడాలి, లేకపోతే శాస్త్రవేత్త చేసిన మంచి పని తెచ్చి మన మీదే కర్రలాగా వాడతారు.

పోయిన యాసంగిలో నేను రెండెకరాల శనగను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కలో సాళ్లు ఎడంగా వేశాను. ఎడం ముక్కలో కాయ కాస్త నిండుగా వచ్చింది. కానీ ఒక ఏడు, ఒక చేను చూసి సంఘం పేరుతో సలహా ఇవ్వడం తప్పు. అందుకే నా కోరిక ఒకటి. ప్రతి మండలం నుంచి ఇద్దరు రైతులు వచ్చే చిత్త కార్తెలో ఇట్లాగే ఒక్క ఎకరం సగం సగం వేయండి. విత్తిన తేదీ, సాలు ఎడం, విత్తనం ఎన్ని కిలోలు, వాన ఎంత పడింది, పూతకు వచ్చిన రోజు, రెండు ముక్కల గింజ విడివిడిగా తూకం. బోరున్నవాళ్లు నెలకోసారి తాడుకు రాయి కట్టి నీళ్ల లోతు కొలిచి రాయండి. దానికి నోటుపుస్తకాలు బయట బల్ల మీద పెట్టాం, డబ్బులు కట్టక్కర్లేదు, సంతకం పెట్టి తీసుకోండి. కోతలయ్యాక మీ పుస్తకాలు ఆఫీసుకు పంపితే అన్నీ ఈ పత్రికలోనే వేస్తాం. నష్టపోయిన ముక్కల లెక్క కూడా రాయండి, ముఖ్యంగా అదే రాయండి.